పాఠకుల ప్రశ్నలు: యూత్ అంటే చందాలేనా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం. మా ఊళ్ళో యూత్ అంటే వినాయక చవితి చందాలు, డీజే, పండక్కి వాలీబాల్ పోటీలు, అంతే. మా తాత మాత్రం వాళ్ళ కాలంలో యువజన సంఘం అంటే నలుగురు కూర్చుని పేపర్ చదివే చోటు అంటాడు. నిజమేనా సార్? యువజన ఉద్యమాలకూ చదువుకూ సంబంధం ఏంటి?

జవాబు: మీ తాత చెప్పింది నిజం తమ్ముడూ. పరకాల నుంచి బస్సెక్కితే హనుమకొండ ఎంత దూరం? అక్కడ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఉంది, 1904లో పెట్టారు, ఒకసారి వెళ్ళి లోపల కాసేపు కూర్చుని రా. అది పుట్టిన రోజుల్లో నిజాం రాజ్యంలో సర్కారు బడి అంటే ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడు బడికి పోయి ఇంకో భాషలో లెక్కలు నేర్చుకోవాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చినా బోధన ఉర్దూలోనే. సొంతంగా బడి పెట్టుకుందామంటే అనుమతి కావాలి, నలుగురు కలిసి సభ పెట్టుకోవాలన్నా గష్తీ నిషాన్ తిర్పన్ అనే ఉత్తర్వు ప్రకారం ముందే అడగాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య చదువు కావాలనుకున్న కుర్రాళ్ళకు దొరికిన దారి గ్రంథాలయం. పుస్తకం తెచ్చుకోవడం, చదువు రానివాళ్ళకు పేపర్ పైకి చదివి వినిపించడం, రాత్రిపూట అక్షరాలు దిద్దించడం. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మారు. మన మడికొండలో పెరిగిన కాళోజీ కూడా యువకుడిగా గ్రంథాలయోద్యమంలో తిరిగినవారే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ కోసం పెట్టిన మొదటి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఇలా చదువుకున్న తరం ఒకటి తయారై ఉంది. ఆ సభతో పాటే మహిళా సభ కూడా జరిగింది, ఇది చాలామంది మర్చిపోతారు. తీర్మానం ఎలా రాయాలి, ఎదుటివాడు కాదంటే ఎలా వినాలి, చందా డబ్బుకు జమాఖర్చు ఎలా చూపాలి, ఇవన్నీ వాళ్ళకు ఏ పంతులూ చెప్పలేదు. సంఘంలోనే నేర్చుకున్నారు. నా దృష్టిలో అసలు చదువు అక్కడే జరిగింది.

1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా హాస్టళ్ళ నుంచి విద్యార్థులను బయటికి పంపించేశారు. నాగపూర్ యూనివర్సిటీ చాలామందికి చోటిచ్చింది. హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొని, ఇక్కడ చదువు ఆగిపోయి, నాగపూర్ వెళ్ళినవారే. ఇల్లు, ఊరు వదిలి వెళ్ళారు గానీ పుస్తకం వదల్లేదు, చూశావా!

ప్రశ్న: మా బాబు హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతూ విద్యార్థి సంఘంలో తిరుగుతున్నాడు. చదువు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, హుజూరాబాద్)

జవాబు: అమ్మా, మీ భయం వట్టిది అనను. 1952లో ముల్కీ గొడవ, అంటే ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే కావాలన్న ఆందోళన, మొదలైంది మన వరంగల్ విద్యార్థులతోనే, అది హైదరాబాద్ చేరి సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది, ప్రాణాలు పోయాయి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఎంతోమందికి ఒక విద్యా సంవత్సరమే పోయింది. అదే 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) మొదలైంది, ఒకపక్క పిల్లలు రోడ్డెక్కి ఉంటే ఇంకోపక్క ఊళ్ళలో పనిచేస్తూ నేర్చుకోండని ప్రభుత్వం పిలిచింది. నాకైతే ఆ రెండూ అవసరమైనవే.

కాకపోతే సంఘం పేరు పెట్టుకున్న ప్రతిదీ చదువు చెప్పదు. జర్మనీలో 1901లో బడిపిల్లలు కొందరు పెద్దల పెత్తనం లేకుండా కొండలెక్కుతూ పాటలు పాడుకుంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. అలాంటివన్నీ 1933 తర్వాత హిట్లర్ రద్దు చేసి, పిల్లలను తన సంఘంలోకి లాగి, 1939 నాటికి దాన్ని తప్పనిసరి చేశాడు. అక్కడ పాటలూ ఆటలూ ఉన్నాయి గానీ ప్రశ్న అడిగే వీల్లేదు.

కాబట్టి బాబును తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి. మీ సంఘంలో నాయకుడి మాట తప్పని చెప్పొచ్చా? చందాల లెక్క అందరికీ చూపిస్తారా? ఈ నెలలో కలిసి ఏం చదివారు? తడుముకోకుండా చెప్తే వాడక్కడ ఏదో నేర్చుకుంటున్నాడనే అర్థం, ఉండనివ్వండి, పరీక్షల ముందు నెల మాత్రం ఖాళీగా ఉంచుకుంటానని మాట తీసుకోండి. నీళ్ళు నమిలితే వారం వారం ఫోన్ చేసి అవే అడుగుతుండండి.

పరకాల తమ్ముడికి ఇంకో మాట. ఈసారి గణపతి చందాలో కొంత పక్కన పెట్టి ఊళ్ళో ఏడాది పాటు ఒక తెలుగు పేపర్ వేయించండి. గ్రామ పంచాయతీ ఆఫీసు అరుగు చాలు, మొదటి రోజు పైకి చదివే పని మీ తాతకే ఇవ్వు.