రెజ్యూమే మనిషి చూస్తున్నాడా, మిషనే తోసేస్తోందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు చేశాను, బాబు పుట్టాక రెండేళ్లు బ్రేక్ తీసుకున్నా. ఇప్పుడు ఎన్ని చోట్ల అప్లై చేసినా ఒకటే కథ, రాత్రి పంపితే తెల్లారేసరికి రిజెక్ట్ మెయిల్. అసలు మనిషన్నవాడు చూస్తున్నాడా? యాడ్‌లో ఉన్న కీవర్డ్స్ అన్నీ రెజ్యూమే కింద తెల్ల రంగు అక్షరాల్లో పెట్టెయ్యి, మిషన్‌కి కనపడతాయి మనుషులకి కనపడవు అని తెలిసినాయన ఒకరు చెప్పారు. చెయ్యమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ తెల్ల అక్షరాల పని మాత్రం వద్దమ్మా. చాలా సాఫ్ట్‌వేర్లు మీ ఫైల్లోంచి అక్షరాలన్నీ లాగేసి మామూలు టెక్స్ట్‌గా రిక్రూటర్ ముందు పెడతాయి, అక్కడ రంగూ లేదు ఏం లేదు, మీరు దాచిందంతా బయటపడిపోతుంది. ఇక ఆ ఒక్క కారణం చాలు పక్కన పెట్టడానికి.

మనిషి చూస్తున్నాడా అంటే, తెల్లారేలోపు వచ్చిన రిజెక్ట్ అయితే ఎక్కువగా చూడనట్టే. ఏటీఎస్ (అంటే వచ్చిన అప్లికేషన్లని వడపోసే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అని అందరూ భయపడే ఆ సాఫ్ట్‌వేర్‌కి సొంతంగా మీ మీద పగేం లేదు, దాంట్లో ఎవరో కూర్చుని ఫిల్టర్లు పెడతారు, అవి తోసేస్తాయి. అప్లై చేసేటప్పుడు ఫారంలో అవును-కాదు ప్రశ్నలు అడుగుతారు చూడండి, షిఫ్టుల్లో చేస్తారా, ఫలానా సర్టిఫికెట్ ఉందా అని, మనం గబగబా నొక్కేసి వెళ్లిపోతాం. చాలాసార్లు కొంప మునిగేది అక్కడే, రెజ్యూమే దాకా రానే రాదు.

మీ విషయంలో ఇంకోటి కూడా ఉంది. 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి ఒక రిపోర్ట్ ఇచ్చాయి, వాళ్లు అడిగిన కంపెనీల్లో దాదాపు సగం ఆరు నెలలు దాటిన గ్యాప్ కనపడితే పక్కన పెట్టేస్తున్నాయట. తమాషా ఏంటంటే, పనికొచ్చే స్కిల్డ్ క్యాండిడేట్లని కూడా మా సిస్టమ్ ఏరిపారేస్తోందని అదే రిపోర్ట్‌లో 88 శాతం ఎంప్లాయర్లు ఒప్పుకున్నారు. తెలిసీ మార్చరు, అదీ సంగతి.

కాబట్టి ఆ రెండేళ్లని ఖాళీగా వదిలెయ్యకండి. ఉద్యోగం రాసినట్టే తేదీలేసి "కెరీర్ బ్రేక్, పిల్లాడి పెంపకం" అని ఒక ఎంట్రీ రాయండి, మధ్యలో ఎవరికైనా లెక్కలు చూసిపెట్టినా, కోర్సు చేసినా దాని కిందే పెట్టండి. 2022 నుంచి లింక్డ్‌ఇన్‌లో దీనికి విడిగా ఆప్షనే ఉంది. మీరు పంపిన రెజ్యూమేలో "అకౌంట్స్ పనులన్నీ చూసుకున్నాను" అని ఉంది, అది మిషన్‌కీ అర్థం కాదు మనిషికీ అర్థం కాదు. నెలాఖరు క్లోజింగ్ చేశారా, బ్యాంక్ రీకన్సిలియేషన్ చేశారా, ఆడిటర్లతో మీరే మాట్లాడారా, ఏ సాఫ్ట్‌వేర్ మీద, ఎంతమంది టీమ్... యాడ్‌లో ఏ మాట వాడారో, మీరు నిజంగా చేసి ఉంటే అదే మాటతో రాయండి. మీరు దాచి పెడదామనుకున్న కీవర్డ్స్ అవే, ఎదురుగానే పెట్టొచ్చు. పాత కొలీగ్స్‌లో ఎవరున్నా రెఫరల్ అడగండి, మొహమాటపడకండి.

ప్రశ్న: నేను హెచ్ఆర్‌లోనే చేస్తానండీ, మా బాధ కూడా కాస్త వినండి. ఒక్క పోస్ట్ పెడితే వందల్లో వస్తున్నాయి, అన్నీ ఏఐ రాసినవే, ఒకదానికి ఇంకోటి కవల పిల్లల్లా ఉంటున్నాయి. వీడియో కాల్‌లో ప్రశ్న అడగ్గానే కళ్లు పక్కకెళ్తాయి, తర్వాత జవాబు అప్పజెప్తారు. మేమూ ఒక ఏఐ స్క్రీనింగ్ టూల్ కొనేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: అటు మిషన్ రాసింది ఇటు మిషన్ చదివితే మధ్యలో మీరెందుకండీ? కొనడం మీ ఇష్టం, కానీ అమెజాన్ సంగతి చూసి కొనండి. 2014లో రెజ్యూమేలకి మార్కులేసే టూల్ ఒకటి తయారుచెయ్యడం మొదలెట్టారు, అంతకుముందు పదేళ్లలో వచ్చిన రెజ్యూమేలతో నేర్పించారు, వాటిల్లో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ లాంటి మాట కనపడితే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి ఆ ప్రాజెక్టే మూసేశారు, 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. అంటే టూల్ కొత్తగా ఏం ఆలోచించదు, మీ పాత అలవాట్లనే స్పీడుగా చేసిపెడుతుంది. అందుకే న్యూయార్క్ సిటీలో 2023 జులై నుంచి ఇలాంటి టూల్స్ వాడాలంటే బయటివాళ్లతో బయాస్ ఆడిట్, అంటే పక్షపాతం చూపిస్తోందేమోనన్న తనిఖీ, చేయించాలి, యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం హైరింగ్ టూల్స్‌ని హై-రిస్క్ లిస్టులో పెట్టింది.

నన్నడిగితే ఆ డబ్బులు, టైమూ ఇంటర్వ్యూ మీద పెట్టండి. 2022లో ఉద్యోగ ఎంపికల మీద పరిశోధన చేసే సైకాలజిస్ట్ పాల్ సాకెట్ బృందం వందేళ్ల రీసెర్చ్‌ని మళ్లీ లెక్కేసింది. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ముందే అనుకున్న పద్ధతిలో మార్కులేసే ఇంటర్వ్యూకి, తర్వాత పని ఎలా చేస్తారన్నదానితో 0.42 సంబంధం తేలింది (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా ఉంది), కాసేపు కబుర్లు చెప్పుకునే మామూలు ఇంటర్వ్యూకి 0.19. ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్ అనేదానికి 0.07! మనం యాడ్‌లో మొదటి లైనుగా రాసేది అదే మరి.

కళ్లు పక్కకెళ్లే వాళ్ల కోసం నిఘా సాఫ్ట్‌వేర్లు పెట్టకండి, టెన్షన్‌కి కూడా కళ్లు పక్కకెళ్తాయి. నిర్వచనాలు అడిగితే నిర్వచనాలే చదువుతారు. మీ ఆఫీసులో నిజంగా వచ్చే పనిలోంచి చిన్న ముక్క ఇవ్వండి, ఉదాహరణకి కోపంగా ఉన్న కస్టమర్ మెయిల్ ఒకటి ఇచ్చి, ఏఐ వాడుకో పర్లేదు, అరగంటలో రిప్లై రాయి అనండి. రాశాక పక్కన కూర్చోబెట్టుకుని ఈ లైన్ ఎందుకు పెట్టావ్, రీఫండ్ ఇస్తామని నువ్వే మాటిచ్చేశావ్ మరి మేనేజర్ కాదంటే ఏం చేస్తావ్ అని అడగండి. అక్కడ తెలిసిపోతుంది ఎవరు రాశారో, ఎవరికి అర్థమైందో. టాస్క్ గంట దాటితే మాత్రం డబ్బులివ్వండి, ఫ్రీగా పని చేయించుకోవడం ఈమధ్య మరీ ఎక్కువైపోయింది. రిమోట్ ఉద్యోగాలైతే ఒక్క రౌండైనా ఎదురుగా పెట్టుకోండి, వేరేవాళ్ల ఐడీలతో, డీప్‌ఫేక్ (ఏఐతో ముఖం, గొంతు మార్చేసిన) వీడియోలతో ఇంటర్వ్యూలకి వస్తున్నారని ఎఫ్‌బీఐ 2022లోనే హెచ్చరించింది.

ప్రశ్న: పెద్ద కంపెనీలు డిగ్రీ అక్కర్లేదంటున్నాయి కదా అని మావాడు సెకండియర్‌లో మానేస్తానంటున్నాడు. మాన్పించమంటారా?
— ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే వద్దండీ. యాడ్‌లోంచి డిగ్రీ మాట తీసెయ్యడం నిజమే, కానీ తీసేశాక ఎవర్ని తీసుకున్నారు అన్నది వేరే లెక్క. బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 2024లో అమెరికా లెక్కలు తీస్తే, ఈ మార్పు వల్ల నిజంగా అవకాశం వచ్చింది 700 నియామకాల్లో ఒక్కరికి కూడా కాదు. పైన పాలసీ మారింది, కింద సెలెక్ట్ చేసే మేనేజర్ మారలేదు. మీవాడు ఏ కంపెనీ పేరైతే చెప్తున్నాడో ఆ టీమ్‌లో ఈమధ్య చేరినవాళ్ల ప్రొఫైల్స్ ఓ ఇరవై తెరిచి చదువు కాలమ్ చూడమనండి, అది చూశాక కూడా మానేస్తానంటే అప్పుడు మళ్లీ రాయండి, మాట్లాడదాం.