రెండు భాషల బొమ్మల పుస్తకం రాస్తున్న చిన్నికి

చి. చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు స్పానిష్, ఇంగ్లిషు పక్కపక్కన ఉండే బొమ్మల పుస్తకం రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోచీల్ అనే మెక్సికన్ పిల్లని టీచరు ‘జోయీ’ అని పిలుస్తుంటే, ఆ పిల్ల నోరు విప్పి అడిగే కథట. బళ్లో నీ పేరు సగానికి కోసి పిలిచినా కిక్కురుమనని పిల్లవి నువ్వు. అలాంటిదానివి ఇవాళ ఈ కథ ఎత్తుకున్నావంటే ఎంత గర్వంగా ఉందో! కానీ ఇంగ్లిషు రాసేసి, బొమ్మలకి అడ్వాన్సు ఇచ్చేసి, స్పానిష్ చివర్లో ఎవరిచేతనైనా చేయిద్దామనుకుంటున్నావని విన్నాక గుండె గుభేలుమంది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. పుస్తకం 32 పేజీలు. టైటిలు, కాపీరైటు పోగా కథకి 12 నుంచి 14 జంట పేజీలు (తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండు పేజీలు) మిగులుతాయి. ఒక్కో జంటకి ఒక్కో భాషలో 35, 40 మాటలు మించనివ్వకు. రెండు భాషలకీ ఒకే సైజు అక్షరాలు వాడు, స్పానిష్‌ని వాలుగా వేయించకు. ఫాంటులో ఎన్ మీది అలలాంటి గీత టిల్డే, అచ్చుల మీది గీతలు, తలకిందుల ప్రశ్నార్థకం ఉన్నాయో లేదో ముందే చూసుకో.

ఇక స్పానిష్‌ని చివరికి వదిలేయడం. ఈ రంగంలో అందరూ చేసే పాత తప్పు ఇదే, పుస్తకాన్ని లోపలినుంచి పాడుచేసేదీ ఇదే. స్పానిష్ వాక్యం ఇంగ్లిషుకన్నా 15 నుంచి 25 శాతం పొడుగొస్తుంది. బొమ్మ ఇంగ్లిషుకే సరిపోయేలా గీసేశాక ఆ పొడుగు ఎక్కడ పడుతుంది? అక్షరాలు చిన్నవి చేస్తారు, లేదా బొమ్మ మీదికి ఎక్కిస్తారు. ఇంకా ఘోరం, పేజీ తిప్పాక తెలియాల్సిన మాట ముందు పేజీలోకి జారిపోతుంది. ఇంగ్లిషులో స్నేహితుడైనా స్నేహితురాలైనా ఒకే మాట. స్పానిష్‌లో అమీగోనో అమీగానో తేల్చాలి. అప్పటికి బొమ్మలో ఆ పిల్లాడో పిల్లో ఎవరో గీసేసి ఉంటారు.

అన్నిటికన్నా నాకు భయం ఆ ఒక్క వాక్యం గురించి. ‘నన్ను జోయీ అనొద్దు’ అన్నది ఇంగ్లిషులో ఎవరితో అన్నా ఒకటే. స్పానిష్‌లో మనకిలాగే నువ్వు, మీరు ఉన్నాయి, తూ, ఉస్తేద్ అని. పక్క బెంచీ పిల్లాడితో అయితే ‘నో మే యామేస్ జోయీ’, పిలవకు అని. టీచరుతో అయితే ‘నో మే యామే జోయీ, మాయెస్త్రా’, పిలవకండి టీచర్ అని. తేడా చివరి ‘స్’ ఒక్కటే. అనువాదకురాలికి ఏ పేజీలో ఎవరితో అంటోందో చెప్పకుండా వాక్యాల జాబితా పంపితే ఆ ‘స్’ ఉండిపోతుంది. రాత్రి పూట మనవరాలికి చదివి వినిపించే మెక్సికన్ అమ్మమ్మకి సోచీల్ పెంకిపిల్లలా వినిపిస్తుంది, పుస్తకం మూసేస్తుంది. మర్యాద వదలకుండానే తనకి కావలసింది అడిగిన పిల్ల అని ఆవిడకి తెలియాలి తల్లీ. నీ కథకి ప్రాణం అదే.

కాబట్టి ఇంగ్లిషు చిత్తుప్రతి పక్కన పెట్టు. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగిన రచయితని తోడు తెచ్చుకో. ఆమె పేరు అట్ట మీద నీ పేరంత పెద్దగా ఉండాలి, రాయల్టీలో సగం ఆమెది. ఒక్కో జంట పేజీ రెండు భాషల్లో కలిసి రాయండి. స్పానిష్‌లో బాగా పలికిన చోట ఇంగ్లిషే సర్దుకోవాలి. మాటలు కూడా సోచీల్ ఇంటివే ఉండాలి. మెక్సికన్ కుటుంబం బస్సుని కమియోన్ అంటుంది, పోర్టోరికో వాళ్లు గ్వాగ్వా అంటారు. అందరికీ అర్థం కావాలని మధ్యరకం మాట వెతక్కు.

పిల్లని కాపాడడానికి చివర్లో వాళ్ల నాన్ననో ప్రిన్సిపాల్‌నో తీసుకురాకు. మొదటిసారి గొంతు పెగలకూడదు. రెండోసారి టీచరు వినిపించుకోకూడదు. ఇంట్లో అద్దం ముందు అనుకుని చూసుకున్నాక, మూడోసారి తనే అనాలి. పెద్దవాళ్లు పక్కన నిలబడితే చాలు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1921లో ఉద్యోగానికి చేరిన పూరా బెల్‌ప్రే స్పానిష్ మాట్లాడే పిల్లలకి వాళ్ల భాషలో కథలు చెప్పింది. ఆమె పేరిట 1996 నుంచి లాటినో రచయితలకీ చిత్రకారులకీ అవార్డు ఇస్తున్నారు. ఆ పుస్తకాలు లైబ్రరీ నుంచి ఓ సంచీడు తెచ్చుకుని పైకి చదువు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1975లో మొదలైన చిల్డ్రన్స్ బుక్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పాత పుస్తకాలు దొరికితే వదలకు. నీ పుస్తకం పంపడానికి హ్యూస్టన్‌లో ఆర్తే పూబ్లికో ప్రచురణ సంస్థ వాళ్ల పిల్లల పుస్తకాల విభాగం పిన్యాతా బుక్స్ ఉంది.

సాధారణంగా చిత్రకారుణ్ణి ప్రచురణకర్తే ఎంచుకుంటాడు. అందుకే ఆ అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకు. 32 పేజీల కాగితం డమ్మీ, అంటే నమూనా పుస్తకం కట్టి, రెండు భాషలూ అచ్చు సైజులో అతికించి, ప్రతి పేజీలో మూడోవంతు ఖాళీ మిగిలిందో లేదో చూసి, ముందు నాకు పోస్టు చెయ్యి.

పెద్దమ్మ