ముల్లు గాడిలో సరిగ్గా కూర్చోవాలంటే: టోన్‌ఆర్మ్ సర్దుబాటు గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రికార్డ్ ప్లేయర్‌కి కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టుకునే చిన్న పెట్టె) బిగించాక మొదటి పాట హాయిగానే ఉంటోందనీ, ఆ వైపు చివరి పాటకి వచ్చేసరికి 'స', 'శ' అక్షరాలు బరుకుతున్నాయనీ రాశావు. కార్ట్రిడ్జ్ మార్చెయ్యనా అని అడిగావు. అప్పుడే వద్దు. మొదలు బాగుండి చివర చెడిందంటే ముందు అనుమానించాల్సింది కార్ట్రిడ్జ్‌ని కాదు, దాన్ని కూర్చోబెట్టిన కోణాన్ని.

ఎందుకో చెబుతాను. రికార్డు చెక్కే యంత్రంలో కత్తి అంచు నుంచి మధ్యకి తిన్నగా ఒకే గీత మీద నడుస్తుంది. మన టోన్‌ఆర్మ్, అంటే కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి, ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముల్లు విల్లులా వంపు గీస్తూ పోతుంది. ఈ తేడాని తగ్గించడానికే హెడ్‌షెల్‌ని (కార్ట్రిడ్జ్ బిగించే చేతి కొసని) లోపలికి 22 డిగ్రీలో ఎంతో వంచుతారు, ముల్లుని స్పిండిల్ (రికార్డు మధ్య రంధ్రంలో దూరే మేకు) దాటి 15 నుంచి 18 మిల్లీమీటర్లు ముందుకి ఉంచుతారు. ఈ దాటిన దూరమే ఓవర్‌హ్యాంగ్. ఇంత చేసినా రికార్డు మొత్తం మీద రెండే రెండు చోట్ల కోణం కచ్చితంగా కుదురుతుంది. మిగతా అంతటా ఎంతో కొంత తప్పు ఉంటుంది. అది ఎంత తక్కువన్నదే మన చేతిలో ఉన్న విషయం.

ఇక చివరి పాటలోనే ఎందుకు వినిపిస్తుందంటే, నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్ల గాడి సాగితే, లోపల చివరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే సాగుతుంది. అదే శబ్దం సగానికన్నా తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. అక్కడ ఒక్క డిగ్రీ తప్పినా చెవికి తెలిసిపోతుంది.

కావలసినవి ఎక్కువేం లేవు. చిన్న రసమట్టం, సన్నమూతి పట్టకారు, సరిపోయే స్క్రూడ్రైవర్, భూతద్దం, టార్చి, 0.01 గ్రాము వరకు చూపే బరువు గేజ్, రెండు బిందువుల ప్రొట్రాక్టర్ (కోణం సరిచూసే గీతల పలక). ప్రొట్రాక్టర్ కాగితం మీద నువ్వే ప్రింట్ తీసుకుంటే మాత్రం స్కేలు పెట్టి చూడు. 100 మిల్లీమీటర్లని రాసిన గీత 97 ఉందంటే ప్రింటర్ కుదించేసిందన్నమాట. ఆ కాగితం పారెయ్.

యాంప్లిఫయర్ ఆపి, రసమట్టాన్ని ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్ళెం) మీదే పెట్టి చూడు. చెక్కపెట్టె మీద పెట్టి చూస్తే ఉపయోగం లేదు. ముందువెనకలు, కుడిఎడమలు రెండూ సరిచేశాకే మిగతా పని.

కార్ట్రిడ్జ్ బిగించేటప్పుడు ముల్లు తొడుగు తియ్యకు. రెండు రంధ్రాల మధ్య 12.7 మిల్లీమీటర్లు, స్క్రూలు 2.5 మిల్లీమీటర్లవి. స్క్రూలు పూర్తిగా బిగించెయ్యకు, వేలితో నెడితే కదిలేంత వదులు ఉంచు. తీగల రంగులు గుర్తుపెట్టుకో: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. పట్టకారుతో చివరనున్న క్లిప్పునే పట్టుకో, తీగ పట్టి లాగితే అతుకు దగ్గర తెగుతుంది. క్లిప్పు వదులుగా ఉంటే దాన్ని కాస్త నొక్కి బిగువు చెయ్యి, అంతేగానీ పిన్నుల మీద టంకం పెట్టకు. ఆ వేడి లోపలికి పాకితే వెంట్రుకకన్నా సన్నని కాయిల్ తీగ ఊడిపోతుంది. ఒక చానెల్‌లో రెండు తీగలు అటూ ఇటూ అయితే శబ్దం ఆగదు, అందుకే చాలామంది కనిపెట్టరు. బేస్ పలచబడుతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా ఎటో తేలుతుంది. అలా అనిపిస్తే ముందు తీగలు చూడు.

ఇప్పుడు బరువు. యాంటీస్కేట్ (చెయ్యి లోపలికి లాగబడకుండా ఆపే సర్దుబాటు, దాని సంగతి చివర్లో చెబుతాను) సున్నా మీద పెట్టు, తొడుగు తీసెయ్, ఆర్మ్ ఎత్తే మీట దించు. టోన్‌ఆర్మ్‌ని ప్లాటర్ పక్కన గాలిలో పట్టుకుని వెనక దిమ్మని మెల్లగా తిప్పుతూ పో. మొదట ముక్కు కిందికి వాలుతుంది, ఇంకాస్త తిప్పితే తోక వాలుతుంది. ఆ రెంటి మధ్యా ఒక చోట చెయ్యి ఎటూ మొగ్గకుండా గాలిలో తేలుతుంది. వేలితో ముక్కుని అర సెంటీమీటరు కిందికి నొక్కి వదిలితే నెమ్మదిగా ఊగి మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాలి. ఊగకుండా వదిలినచోటే బిగుసుకుపోతే బేరింగ్‌లో పట్టు ఉన్నట్టు. అది ముందు బాగుచేయించాలి, లేకపోతే తర్వాత చేసేదంతా వృథా.

తేలాక దిమ్మని కదలనివ్వకుండా పట్టుకుని, అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తిప్పు. ఆ తర్వాత దిమ్మని తిప్పితే చక్రం దాంతోపాటే తిరుగుతుంది. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. చక్రాన్ని ఒక్కదాన్నే రెండుకి తిప్పి రెండు గ్రాములు పెట్టేశాం అనుకుంటారు, ముల్లు మీద బరువు మాత్రం సున్నాయే ఉంటుంది.

ఎంత పెట్టాలన్నది కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన దాన్నిబట్టి. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు, ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2.0, డెనాన్ డీఎల్-103కి 2.5. బరువు తగ్గిస్తే రికార్డు అరగదన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. నిజం దానికి తలకిందులు. బరువు చాలకపోతే గట్టి స్వరం రాగానే ముల్లు గాడి గోడని వదిలేసి మళ్ళీ వచ్చి గుద్దుకుంటుంది. ఆ దెబ్బలే గాడిని చెక్కేస్తాయి. చెప్పిన హద్దుల్లో ఉన్నంతవరకు కాస్త బరువు వైపే మొగ్గు.

ఇక అసలు పని, కోణం. ముందు ఏ లెక్క ప్రకారం కుదుర్చుతున్నావో తేల్చుకో. 1938లో ఎరిక్ లోఫ్‌గ్రెన్ వేసి, 1941లో బేర్వాల్డ్ మళ్ళీ తేల్చిన లెక్క ప్రకారం స్పిండిల్ మధ్య నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కోణంలో తప్పు సున్నా అవుతుంది. స్టీవెన్సన్ లెక్కలో 60.3, 117.4 దగ్గర. రెండో దాంట్లో చివరి గాడులు శుభ్రంగా ఉంటాయి, దానికి బదులు మధ్యలో వక్రీకరణ కాస్త పెరుగుతుంది. కొన్ని యంత్రాలకి తయారీదారు సొంత కొలతే ఉంటుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200లో చెయ్యి పొడవు 230, ఓవర్‌హ్యాంగ్ 15 మిల్లీమీటర్లు. హెడ్‌షెల్ మొదట్లోని రబ్బరు నుంచి ముల్లు మొనకి 52 ఉంచమంటారు. దాని మీద బేర్వాల్డ్ లెక్క కావాలంటే కార్ట్రిడ్జ్‌ని ఇంకో 3 మిల్లీమీటర్లు ముందుకి జరిపి, కాస్త లోపలికి తిప్పాలి. అన్ని హెడ్‌షెల్‌లలోనూ అంత చోటు ఉండదు. లేకపోతే తయారీదారు కొలతతోనే సరిపెట్టుకో, అందులో చిన్నతనమేమీ లేదు. ఒక లెక్క పట్టుకున్నాక పని అయ్యేదాకా దాన్ని మార్చకు.

ప్రొట్రాక్టర్‌ని స్పిండిల్‌కి తొడిగి, ప్లాటర్ కదలకుండా చూసుకో. బయటి బిందువు మీద మొనని దించు. టార్చి పక్క నుంచి పట్టి, ఒక కన్ను మూసి, తిన్నగా ఎదురు నుంచి చూడు. కింద గళ్ళ గీతలు ఉంటాయి. అందరూ కార్ట్రిడ్జ్ పెట్టె అంచుని ఆ గీతలతో కలుపుతారు. నువ్వు చూడాల్సింది పెట్టెని కాదు, ముల్లుని మోసే సన్నటి కడ్డీని. కాంటిలీవర్ అంటారే, అది. పెట్టెలో ఆ కడ్డీ ఒక పిసరు పక్కకి ఉండటం కద్దు. భూతద్దంలో కడ్డీ గీతతో సమాంతరంగా కనిపించేదాకా కార్ట్రిడ్జ్‌ని తిప్పు. అద్దం ప్రొట్రాక్టర్ అయితే ఇంకా తేలిక, కడ్డీ అద్దంలోని దాని ప్రతిబింబంతో కలిసి ఒకే గీతలా కనిపిస్తే నీ కన్ను సరైన చోట ఉన్నట్టు.

తర్వాత చేతిని ఎత్తి, ప్లాటర్‌ని కాస్త తిప్పి లోపలి బిందువు మీద దించు. అక్కడా సమాంతరంగా ఉంటే నీ అదృష్టం. సాధారణంగా ఉండదు. ముక్కు స్పిండిల్ వైపు ఎక్కువ తిరిగి ఉంటే ఓవర్‌హ్యాంగ్ చాలలేదని అర్థం, కార్ట్రిడ్జ్‌ని అర మిల్లీమీటరు ముందుకి జరుపు. ముక్కు స్పిండిల్‌కి ఎడంగా, బయటికి చూస్తుంటే వెనక్కి లాగు. మళ్ళీ బయటి బిందువుకి వెళ్ళి తిప్పి సరిచెయ్యి, మళ్ళీ లోపలికి రా. నాలుగైదు సార్లు తిరిగితే రెండు చోట్లా కుదురుతుంది. లోపలి బిందువు దగ్గర కార్ట్రిడ్జ్‌ని తిప్పకు, అక్కడ జరపడమే. ఈ ఒక్కటి తెలియకే చాలామంది గంటలకొద్దీ కూర్చుంటారు.

కుదిరాక స్క్రూలు ఇదో పావు తిప్పు, అదో పావు తిప్పుగా బిగించు. బిగిస్తుంటే స్క్రూతో పాటే కార్ట్రిడ్జ్ కూడా తిరగడానికి చూస్తుంది, రెండు వేళ్ళతో పెట్టెని అదిమి పట్టుకో. ఆ తర్వాత మళ్ళీ రెండు బిందువులూ చూడు. నీ విషయంలో తప్పు ఇక్కడే జరిగిందని నా అనుమానం.

కార్ట్రిడ్జ్ జరిపావు కాబట్టి బరువు మారి ఉంటుంది. గేజ్ మీద మళ్ళీ తూచు. యాంటీస్కేట్ సున్నాలోనే ఉండాలి, ప్లాటర్ ఆగి ఉండాలి. గేజ్ పళ్ళెం రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఉండేలా చూసుకో, ఎత్తు తేడా ఉంటే అంకె కూడా తేడా వస్తుంది. మూవింగ్ కాయిల్ అనే రకం కార్ట్రిడ్జ్‌లలో గట్టి అయస్కాంతం ఉంటుంది. గేజ్‌లో ఇనుము ఉంటే రెండూ లాక్కుని అంకె అబద్ధం చెబుతుంది.

చేతి తోక వైపు ఎత్తు గురించి జనం వాదించుకున్నంతగా ఇంకే దాని గురించీ వాదించుకోరు. రికార్డు మీద ముల్లు ఉన్నప్పుడు చేతి గొట్టం రికార్డుకి సమాంతరంగా ఉంటే చాలు, అక్కడే మొదలుపెట్టు. పక్కన ఒక గీతల కార్డు నిలబెట్టి చూస్తే తెలుస్తుంది. 230 మిల్లీమీటర్ల చేతికి తోకని 4 మిల్లీమీటర్లు లేపితే కోణం ఒక్క డిగ్రీ మారుతుంది. దళసరి రికార్డుకీ పలచటి రికార్డుకీ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, అంటే పావు డిగ్రీ లోపే. రికార్డు మార్చినప్పుడల్లా ఎత్తు మార్చేవాళ్ళని చూసి నువ్వు కంగారుపడకు. తోక బాగా దిగితే శబ్దం బరువుగా, మందంగా అనిపిస్తుంది. బాగా లేస్తే పలచగా, కీచుగా ఉంటుంది. ఎత్తు సర్దే ఏర్పాటు లేని చేతికి కార్ట్రిడ్జ్ పైన పలచటి స్పేసర్ గానీ, వేరే మందం మ్యాట్ గానీ వాడొచ్చు.

ముల్లు నిటారుగా ఉందో లేదో చూడటానికి రికార్డంత మందం ఉన్న చిన్న అద్దం ముక్క చాలు. దాని మీద ముల్లుని దించి ఎదురు నుంచి చూస్తే, పైన ముల్లు, కింద దాని ప్రతిబింబం కలిసి డమరుకంలా కనిపించాలి. డమరుకం ఓ పక్కకి వంగిందంటే ముల్లు వాలినట్టే. హెడ్‌షెల్ విప్పే రకమైతే మెడ దగ్గరి స్క్రూ వదులు చేసి కాస్త తిప్పొచ్చు. విప్పని రకమైతే ఒక స్క్రూ కింద కాగితమంత పలచటి రేకు పెట్టాలి.

చివరగా యాంటీస్కేట్. హెడ్‌షెల్ వంగి ఉండటం వల్ల రికార్డు రాపిడి చేతిని ఎప్పుడూ స్పిండిల్ వైపు లాగుతుంది. అప్పుడు లోపలి గోడ మీద ఒత్తిడి ఎక్కువై బయటి గోడ మీద తగ్గుతుంది. లోపలి గోడలో ఎడమ చానెల్, బయటి గోడలో కుడి చానెల్ ఉంటాయి. కాబట్టి గట్టి స్వరాల్లో కుడి స్పీకర్ ముందు బరికితే యాంటీస్కేట్ చాలలేదు, ఎడమది ముందు బరికితే ఎక్కువైంది. ముల్లు బరువు ఎంతో అంత అంకెతో మొదలుపెట్టి, వింటూ అర అంకె చొప్పున మార్చు. గాడి లేని నున్నటి డిస్కు మీద ముల్లు కదలకుండా నిలిచేలా సర్దమనే సలహా వింటావు. గాడిలో రెండు గోడల మధ్య ఉండే రాపిడి అక్కడ ఉండదు కాబట్టి ఆ కొలత నమ్మదగ్గది కాదు.

ఇంకొకటి. వంకర రికార్డు వేసినప్పుడు స్పీకర్ల పొరలు ఊరికే లోపలికీ బయటికీ కొట్టుకుంటుంటే, చేతి బరువూ కార్ట్రిడ్జ్ మెత్తదనమూ ఒకదానికొకటి పొసగలేదని అర్థం. చేతి ప్రభావిత బరువు (తయారీదారు ఇచ్చే ఎఫెక్టివ్ మాస్ అంకె), కార్ట్రిడ్జ్, స్క్రూలు కలిపి గ్రాముల్లో కూడు, దాన్ని కార్ట్రిడ్జ్ మెత్తదనం చెప్పే కాంప్లయన్స్ అంకెతో గుణించు, వర్గమూలం తీసి దాంతో 159ని భాగించు. 12 గ్రాముల చెయ్యి, 7 గ్రాముల కార్ట్రిడ్జ్, 1 గ్రాము స్క్రూలు, కాంప్లయన్స్ 12 అయితే 10 హెర్ట్జ్ చిల్లర వస్తుంది, అదే చెయ్యీ కార్ట్రిడ్జూ కలిసి తమంతట ఊగే వేగం. 8 నుంచి 12 మధ్య ఉంటే నిశ్చింత. జపాన్ కంపెనీలు చాలావరకు కాంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర ఇస్తాయి, ఈ లెక్కకి దాన్ని సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి.

ఇదంతా అయ్యాక కూడా చివరి పాట బరికితే, అంతగా ఆడని వేరే రికార్డు వేసి చూడు. అది శుభ్రంగా ఉంటే నీ దగ్గరున్న రికార్డు గాడే అరిగిపోయి ఉంటుంది. రెండూ బరికితే ముల్లు మొనకి దుమ్ము ఉండలు కట్టిందేమో చూసి, బ్రష్షుతో వెనక నుంచి ముందుకి మాత్రమే తుడువు. ముందు నుంచి వెనక్కి గానీ, పక్కలకి గానీ తుడిస్తే కడ్డీ వంగిపోతుంది.

లోపలి బిందువు మీద ముల్లు ఉన్నప్పుడు ఒక ఫోటో తీసి పంపు. తిన్నగా ఎదురు నుంచి, కెమెరా ప్లాటర్ ఎత్తుకి కాస్త పైన ఉండేలా, కడ్డీ వెనకాల గళ్ళ గీతలు కనిపించేలా తియ్యి. పై నుంచి తీస్తే హెడ్‌షెల్ అడ్డొచ్చి నాకేమీ కనిపించదు.

ఇట్లు,
మామయ్య