పొమేరియనా, చివావానా? ముందు తూకం చూడమ్మా

అమ్మలూ,

నువ్వు పంపిన కుక్కపిల్లల ఫొటోలు చూశాను. "ఏది చిన్నగా ఉంటుంది బాబాయ్, మాది రెండు గదుల ఫ్లాట్ కదా" అన్నావు. ఫొటో చూస్తే పొమేరియనే పెద్దదని ఎవరైనా అంటారు. అదంతా బొచ్చమ్మా. స్నానం చేయించి చూడు, వానలో తడిసిన కోడిలా సగమైపోతుంది.

కుక్కల జాతులకి కొలతలు పెట్టే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పొమేరియన్ 1.4 నుంచి 3.2 కిలోలు, ఎత్తు 6–7 అంగుళాలు. చివావా 2.7 కిలోలు దాటకూడదు, ఎత్తు 5–8 అంగుళాలు. అంటే చివావా తేలికే గానీ, ఒక్కోసారి పొమేరియన్ కంటే పొడుగ్గా కూడా ఉండొచ్చు. ఎత్తు అంటే తల దాకా కాదు, మెడ వీపుతో కలిసే చోటికి కొలవాలి. చెవులు చూసి మోసపోకు.

అసలు చిక్కు వేరే ఉంది. మన హైదరాబాద్‌లో పొమేరియన్ అంటే చాలామందికి పాత కాలనీల్లో గేటు దగ్గర మొరిగే తెల్లకుక్కే గుర్తొస్తుంది. అది ఇండియన్ స్పిట్జ్. అందులో చిన్న రకమే ఐదారు కిలోలుంటుంది, పెద్ద రకం పన్నెండు కిలోలు దాటుతుంది. నన్నడిగితే మన ఎండలకి అదే నయం, కానీ పొమేరియన్ ధర పెట్టి దాన్ని కొనకూడదు కదా! అసలు పొమేరియన్లూ ఒకప్పుడు ఇంత చిన్నవి కావు. విక్టోరియా మహారాణి 1888లో ఫ్లోరెన్స్ నుంచి తెచ్చుకున్న మార్కో దాదాపు ఐదున్నర కిలోలు. ఆ రోజుల్లో అదే చిన్నది. తర్వాత చిన్నవాటినే జతకట్టిస్తూ ఈ సైజుకి తెచ్చారు. అందుకే అప్పుడప్పుడు చిన్న తల్లిదండ్రులకి కూడా పెద్ద పిల్ల పుడుతుంది.

అయినా సరే, పిల్లని చూసి లెక్క వెయ్యకు, తల్లిని తూకం వేయించు. దాన్ని ఎత్తుకుని మిషన్ ఎక్కు, తర్వాత ఒక్కదానివే ఎక్కు, తేడా ఎంతో చూడు. పిల్లకైతే కూరగాయల కొట్లో ఉండే ఎలక్ట్రానిక్ త్రాసే మేలు, గ్రాములు తెలుస్తాయి.

"టీకప్", అంటే కప్పులో పట్టేంత చిన్న రకం అని ఎవరైనా అంటే నమ్మకు. ఏ పెద్ద కెన్నెల్ క్లబ్బూ ఆ రకాన్ని ఒప్పుకోలేదు. కొందరు తల్లిపాలు మాననిదాన్ని కూడా ఆ పేరుతో అంటగడతారు. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నోరు తెరిచి చూడు. ఆ వయసుకి పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చేస్తాయి, వెనక చిగుళ్లు బోసిగా ఉంటే అనుమానించాల్సిందే. మరీ చిన్న పిల్లలకి ఒక పూట తిండి తప్పితే షుగర్ పడిపోయి తూలిపోతాయి.

మీ బుజ్జిగాడు ఇంకా పరుగులు పెట్టే వయసువాడు. వాడు సోఫా మీంచి జారవిడిస్తే కిలోన్నర కుక్కకి ముందుకాలు విరగడం ఖాయమనుకో. చాలా చివావాలకి నడినెత్తిన మాడు మెత్తగానే ఉండిపోతుంది కూడా. కాబట్టి నా ఓటు మూడు కిలోల పొమేరియన్‌కే. వాడి చేతికి మాత్రం ఇవ్వకు, నేలమీద కూర్చుని ఆడుకోమను.

రెండింట్లో ఏదైనా మెడకి కాలర్ కట్టి లాగకు, గొంతు గొట్టం దెబ్బతింటుంది. ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, అదే హార్నెస్ వెయ్యి. ఎండాకాలం వచ్చిందని పొమేరియన్‌కి గుండు చేయించకు, కొన్నిటికి బొచ్చు మళ్లీ సరిగ్గా రాదు. చివావాకి ఎండ కంటే ఏసీ చలే కష్టం. రేబిస్ టీకా కాగితం జాగ్రత్తగా పెట్టు, మున్సిపల్ కార్పొరేషన్‌లో రిజిస్ట్రేషన్‌కి అడుగుతారు.

ఆదివారం పిల్లని చూడ్డానికి ఉప్పల్ బయల్దేరే ముందు అమ్మేవాళ్లకి ఫోన్ చేసి తల్లికుక్క అక్కడే ఉందా అని కనుక్కో. "ఊళ్లో ఉంది, వీడియో పంపిస్తాం" అంటే అడ్వాన్స్ ఇవ్వకు, మియాపూర్ నుంచి అంత దూరం పోనూ పోకు.

మీ బాబాయి