ఐదు మ్యాచ్‌ల కుర్రాడి గురించి మేనల్లుడికి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. అర్ధరాత్రి దాటాక పంపావంటే ఆ బాస్కెట్‌బాల్ కుర్రాడు నీకు నిద్ర కూడా లేకుండా చేశాడన్నమాట. నిన్నమొన్నటిదాకా బెంచీ మీద కూర్చున్నవాడు వరుసగా ఐదు మ్యాచ్‌లు ఇరగదీశాడు. నీ మనసేమో వీడు మామూలోడు కాదంటోంది. లెక్కలు చూసే నీ స్నేహితుడేమో ఐదు మ్యాచ్‌లకే ఏం తెలుస్తుందని కొట్టిపారేశాడు. ఎవరి మాట నమ్మాలి మామయ్యా అని అడిగావు. ఆటగాళ్లను ఎంపిక చేసే పనిలో నేను ఆ తప్పూ చేశాను, ఈ తప్పూ చేశాను. ఆ అర్హతతోనే చెబుతున్నాను.

ముందు ఒక పని చెయ్యి. వాడి అంకెలు మళ్లీ తెరవకముందే ఒక కాగితం తీసుకుని, పైన తేదీ వేసి, వాడిలో నీకు ఏం నచ్చిందో రాయి. 'క్లాస్ ఉంది', 'చూడగానే తెలిసిపోతుంది' లాంటివి రాయకు, అవి పనికిరావు. 'ఎడమవైపు నుంచి దూసుకెళ్తే డిఫెండర్ ఒక అడుగు వెనకబడుతున్నాడు', 'ఇద్దరు మీదికొచ్చినా కంగారుపడి బంతి వదిలెయ్యట్లేదు' అని రాయి. అలా రాస్తే రేపు వీడియో చూసి అవునో కాదో తేల్చుకోవచ్చు. రాయకపోతే ఏడాది తర్వాత వాడు నిలబడితే 'నేను అప్పుడే చెప్పాను' అంటావు, మాయమైతే 'నాకు అప్పుడే డౌటొచ్చింది' అంటావు. రెండుసార్లూ నిజమే చెబుతున్నానని గట్టిగా నమ్ముతావు కూడా. మనసు అంత మాయలాడి.

ఇలాంటి కథల్లో అన్నిటికంటే పెద్దది జెరెమీ లిన్‌ది. హార్వర్డ్‌లో ఆడాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010లో మొత్తం 60 మందిని తీసుకుంటే ఆ 60 మందిలో వాడు లేడు. 2011 డిసెంబర్‌లో రెండు జట్లు వదిలేశాక న్యూయార్క్ జట్టు నిక్స్ చేరదీసింది. 2012 ఫిబ్రవరి 4న, 8 గెలుపులు 15 ఓటములతో జట్టు నీరసంగా ఉన్నప్పుడు, దింపితే 25 పాయింట్లు కొట్టాడు. ఆరు రోజుల తర్వాత లేకర్స్ జట్టు మీద 38. నిక్స్ వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలిచింది.

ఇక్కడ నువ్వు ఆగి చూడాల్సింది ఒకటుంది. వాణ్ణి ముందు పసిగట్టింది కళ్లు కాదు, లెక్కలు. వదిలేసిన జట్లలో ఒకటైన రాకెట్స్‌కు అప్పుడు జనరల్ మేనేజర్ డారిల్ మోరీ. తమ లెక్కల మోడల్ లిన్‌ని డ్రాఫ్ట్‌లో 15వ స్థానం దగ్గర తీసుకోమందని ఆయనే తర్వాత చెప్పాడు. చూసినవాళ్లందరికీ మాత్రం, తనతో సహా, వాడు చురుకైన ఆటగాడిలా అనిపించలేదట. మొదటి రెండు అడుగుల్లో ఎంత వేగం అందుకుంటున్నాడో తీరా కొలిచి చూస్తే, లిన్ చాలామంది కంటే ముందున్నాడు. ఆసియా మూలాలున్న కుర్రాడు ఎన్‌బీఏ గార్డులా (బంతి నడిపించే ఆటగాడిలా) కనిపించకపోవడం వాడి తప్పు కాదు, చూసే కళ్ల తప్పు.

అలాగని ఫిబ్రవరిలో వెర్రెత్తిపోయినవాళ్లదీ పూర్తిగా ఒప్పు కాదు. ఆ గెలుపుల మధ్యే టర్నోవర్లు, అంటే బంతి పోగొట్టుకోవడాలు, కుప్పలుగా పడ్డాయి. ఫిబ్రవరి 23న మయామీ వాళ్లు బంతి తేనివ్వకుండా ఒత్తిడి పెడితే 11 షాట్లలో ఒక్కటే పడింది, 8 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. తర్వాతి సీజన్‌లో మళ్లీ రాకెట్స్‌కే వెళ్లి 82 మ్యాచ్‌లూ ఆడి సగటున 13.4 పాయింట్లు, 6.1 అసిస్ట్‌లు (తోటివాడు పాయింట్లు కొట్టేలా ఇచ్చిన పాస్‌లు) చేశాడు. అంటే గాలివాటం ఆటగాడూ కాదు, మహామహుడూ కాదు. నిఖార్సైన ఎన్‌బీఏ గార్డు. నీ కుర్రాడి విషయంలో కూడా ఈ మధ్య జవాబు ఒకటుందని గుర్తుపెట్టుకో. దాన్ని పందెం కాసేవాళ్లు ఎప్పుడూ మర్చిపోతారు.

ఇప్పుడు మీవాడి అంకెలు. 40 త్రీ పాయింటర్లలో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) 18 పడ్డాయని, 45 శాతమని రాశావు. నిజానికి 35 శాతమే వేసేవాడు కూడా, ఏ 40 షాట్లు తీసుకున్నా, దాదాపు ఎనిమిదింట ఒకసారి 18 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసేస్తాడు. లీగ్‌లో ఉన్నది వందలమంది. ఏ వారంలో చూసినా అలా వెలుగుతున్నవాడు ఎవరో ఒకరుంటారు. వాడే నీ కంట పడతాడు, మిగతావాళ్లు పడరు. అందుకని ఆ 45ని పక్కన పెట్టి ఫ్రీత్రోలు, అంటే ఫౌల్ జరిగాక ఒంటరిగా నిలబడి వేసే షాట్లు, చూడు. అడ్డం వచ్చేవాడు ఉండడు, దూరం మారదు, కాబట్టి వాడి చేతి వాటం అక్కడ త్వరగా బయటపడుతుంది. కాలేజీలో, చిన్న లీగుల్లో వేసిన ఫ్రీత్రోలు కూడా కలుపు. అవి 85 శాతం దాటితే నాకు ఆశ పుడుతుంది. 60 దగ్గర ఉంటే ఆ త్రీలు తగ్గుతాయనుకుంటాను.

తర్వాత, ఆ ఐదు మ్యాచ్‌లకీ ఎవరు లేరో చూడు. లిన్‌ విజృంభణలో చాలాభాగం నిక్స్ స్టార్ స్టౌడమైర్ ఇంట్లో విషాదం వల్ల దూరంగా ఉన్నాడు, ఇంకో స్టార్ కార్మెలో ఆంథనీ గాయంతో కూర్చున్నాడు. బంతంతా లిన్ చేతిలోకే వచ్చింది. కోచ్ డాంటోనీ ఆట మొత్తం పిక్ అండ్ రోల్ (తోటివాడు డిఫెండర్‌కి అడ్డుగా నిలబడి, తర్వాత బుట్టవైపు దూసుకెళ్లే ఎత్తు) మీదే నడిచేది, అదేమో వాడికి కొట్టినపిండి. మీవాడికి దారి ఎవరు ఖాళీ చేశారు? వాళ్లు తిరిగొస్తే వాడు ఎక్కడ నిలబడతాడు?

మధ్యలో ఒక మాట. నీ స్నేహితుడు మరీ ఎగిరితే 'చేతివేడి' గొడవ చెప్పు. వరుసగా షాట్లు పడుతున్నప్పుడు తర్వాతదీ పడుతుందనుకోవడం భ్రమ అని 1985లో గిలోవిచ్, వాలోన్, ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు లెక్కలు కట్టి చూపించారు. మూడు దశాబ్దాలు అదే వేదవాక్కు. ఆ లెక్క కట్టిన పద్ధతిలోనే ఒక లోపం ఉందని మిల్లర్, సాన్‌హుర్హో తర్వాత నిరూపించారు. లెక్కలవాళ్లూ మనుషులే.

నా తప్పు కూడా చెప్పాలి కదా. ఒకసారి ఒక కుర్రాణ్ణి బొజ్జ చూసి వద్దన్నాను. వాడి రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకున్న లెక్క) కాగితం మీద నన్నే చూస్తున్నాయి, నేను వాటివైపు చూడలేదు. రెండేళ్లకు వాడే ఎదుటి జట్టులో మమ్మల్ని పడగొట్టాడు. మార్క్ గాసోల్‌ని కూడా రాకెట్స్ వాళ్లు ఒంటి తీరు చూసి ఎగతాళి పేరు పెట్టి వదిలేసుకున్నారు. 2007 డ్రాఫ్ట్‌లో 48వ స్థానంలో పోయిన అతను 2013లో లీగ్ అంతటికీ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. ఆ తర్వాత ఆటగాళ్లకు ముద్దుపేర్లు పెట్టడమే మోరీ నిషేధించాడు. నవ్వొస్తుంది గానీ, మంచి పని.

ఇంకా నీ మనసు అంకెలతో గొడవ పడుతూనే ఉంటే, వాడు ఓడిన మ్యాచ్ ఒకటి సౌండ్ తీసేసి చూడు. కామెంటేటర్ అరుపులు లేకపోతే సగం మెరుపు పోతుంది. మిగిలిన సగం నువ్వు కాగితం మీద రాసుకున్నదేనా అన్నది చూసుకో. ముఖ్యంగా ఒకే జట్టుతో రెండోసారి ఆడే మ్యాచ్ వదలకు. మొదటిసారి వాళ్లకు వాడెవడో తెలీదు, రెండోసారికి ఎడమవైపు మూసేసి వస్తారు. అప్పుడు కుడివైపు ఏం చేస్తాడన్నది ఏ పట్టికలోనూ ఇంకా ఎక్కి ఉండదు, అది నీ కళ్లే చూడాలి.

కాగితం ఫొటో తీసి నాకు పంపు. ఇరవయ్యో మ్యాచ్ అయ్యాక ఫోన్ చెయ్యి, అంతవరకూ వద్దు.

మీ మామయ్య