మొక్కజొన్న ఇథనాల్‌కి పోతే తిండికి ముప్పా? ముందు పెరట్లో ఆగిపోయిన గోబర్ గ్యాస్ సంగతి చూడండి

అడిగినది ఇది: "బియ్యం, మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీలకి పోతుంటే రేపు తిండి గింజలకి కరువు రాదా? పోనీ వాతావరణానికైనా మేలా? మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ బయో ఇంధనం నిలబడుతుంది?"

మొదటి రెండు ప్రశ్నలకీ లెక్కలు చెప్పేస్తాను. అసలు చెప్పాల్సింది మూడోదానిలో ఉంది.

బైకు ట్యాంకు పది లీటర్లనుకోండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇ20, అంటే అందులో రెండు లీటర్లు ఇథనాల్. టన్ను నూకల నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది, టన్ను మొక్కజొన్న నుంచి 380 దాకా వస్తుంది. అంటే ఒక్కసారి ట్యాంకు నింపితే నాలుగున్నర కిలోల నూక, లేదంటే అయిదుంబావు కిలోల మొక్కజొన్న. రేషన్ డిపోలో మనిషికి నెలకిచ్చే బియ్యం అయిదు కిలోలు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అలాగని రేపటి నుంచి అన్నం దొరకదని భయపెట్టేవాళ్ళ మాటా నమ్మొద్దు. కేంద్రం తరఫున ధాన్యం కొని నిల్వచేసే ఎఫ్‌సీఐ గోదాముల్లో అవసరానికి మించి బియ్యం ఉంది కాబట్టే 2024-25లో 52 లక్షల టన్నులు ఇథనాల్‌కి కేటాయించారు, కిలో 22 రూపాయల 50 పైసలకి. అంతకుముందు 2023 జూలైలో ధరల బెంగతో అదే అమ్మకం ఉన్నపళంగా ఆపేశారు. అప్పుడు డిస్టిలరీలన్నీ మొక్కజొన్న మీద పడ్డాయి. మొక్కజొన్న ఇథనాల్‌కి లీటరుకి 71 రూపాయల 86 పైసలు ఖాయం చేశారు మరి. దాంతో ఎన్నో ఏళ్ళుగా మొక్కజొన్న ఎగుమతి చేసిన మన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. కోళ్ళ ఫారాలవాళ్ళు దాణా ధర చూసి గగ్గోలు పెట్టారు. టన్ను మొక్కజొన్నకి సుమారు 300 కిలోల మడ్డి దాణాగా తిరిగొస్తుంది, నిజమే. అయితే అందులో పిండి పదార్థం ఉండదు, మాంసకృత్తులే ఎక్కువ. గింజ మొత్తానికి అది బదులు కాదు.

మన జిల్లాల్లో దెబ్బ తగులుతున్నది మాత్రం బియ్యానికి కాదు, పప్పుకి. ఈ మాట ఎవరూ అనరు. ఇక్కడ వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో తడి ఉండగానే పెసలో మినుములో చల్లేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. దుక్కి లేదు, నీరు లేదు, ఎరువు పెద్దగా లేదు. మంచు తడికే పండేది, పైగా నేలకి నత్రజని ఇచ్చి పోయేది. ఇప్పుడు అదే మడిలో దున్నకుండా తాడు పట్టి, కన్నం చేసి మొక్కజొన్న గింజ పెడుతున్నారు. ఒకప్పుడు గోగు వేసిన మెట్టల్లోనూ అదే. రైతుని తప్పు పట్టలేం. మినుముకి పల్లాకు తెగులు తగిలితే ఎకరానికి రెండు క్వింటాళ్ళు రావడమే గగనం, మొక్కజొన్న పాతిక ముప్పై క్వింటాళ్ళిస్తుంది. కానీ ఆ మొక్కజొన్నకి అయిదారు తడులు కావాలి, నాలుగు బస్తాల యూరియా కావాలి. పప్పులు బయటి దేశాల నుంచి కొనుక్కుంటూ, పప్పు పండే మడిలో పెట్రోలు పండించడం ఏ రకం ఆహార భద్రతో నాకు అర్థం కాదు.

వాతావరణం లెక్కకి ఆ నాలుగు బస్తాల యూరియానే పట్టుకోండి. 45 కిలోల బస్తాలు నాలుగంటే 180 కిలోలు, అందులో నత్రజని 83 కిలోలు. అందులో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో గాల్లో కలుస్తుందని అంతర్జాతీయంగా వాడే లెక్క. ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడెక్కిస్తుంది. ఎకరానికి 350 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం అయింది. ఆ ఎకరం మొక్కజొన్న ఇచ్చే వెయ్యి లీటర్ల పైచిలుకు ఇథనాల్ 700 లీటర్ల పెట్రోలుకే సరి, ఎందుకంటే ఇథనాల్‌లో శక్తి మూడింట రెండు వంతులే. 700 లీటర్ల పెట్రోలు కాలిస్తే వచ్చేది 1,600 కిలోలు. అంటే మిగిలిందనుకున్న దాంట్లో అయిదో వంతు పైన ఒక్క యూరియా పొగే తినేసింది. ఆ యూరియా తయారీకి కాల్చిన గ్యాసు, తడికి తోడిన కరెంటు, డిస్టిలరీ బాయిలర్లో బొగ్గు ఇంకా కలపలేదు. బాయిలర్ ఊకతోనో చెరకు పిప్పితోనో నడిస్తే కొంత నయం. బొగ్గుతో నడిస్తే మిగిలేది చాలా తక్కువ.

ఇంకో సంగతి. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి కంప్రెస్డ్ బయోగ్యాస్, అంటే ఒత్తిడితో కుదించి నింపే గ్యాసు, తీస్తామంటున్నారు. 2024 నవంబరులో రాష్ట్రంలో 500 ప్లాంట్లకి ఒప్పందం కూడా అయింది. ఆలోచన చెడ్డది కాదు. కానీ బంజరు అన్న ప్రతిచోటా ఎవరివో మేకలు మేస్తుంటాయి, ఎవరో ఎండు పుల్ల ఏరుకుంటుంటారు. నేపియర్‌కి నీళ్ళు లేకపోతే కాగితం మీద రాసుకున్న దిగుబడి రాదు. 2003 తర్వాత అడవి ఆముదం, అదే జట్రోఫా, నీళ్ళు లేని నేలలో కూడా డీజిల్ కాస్తుందని ఊరూరా మొక్కలు పంచారు. మొక్క బతికింది, కాయే రాలేదు. నీళ్ళు లేనిచోట ఏ మొక్కైనా ప్రాణం నిలుపుకుంటుంది గానీ నూనె దాచిపెట్టదు.

మరి ఏది నిలబడుతుంది? తిండికి పోటీ రానిది, దూరం నుంచి మొయ్యక్కర్లేనిది. మిల్లులో ఊక అలాంటిదే. టన్ను ధాన్యానికి 200 కిలోల ఊక వస్తుంది, ఉప్పుడు బియ్యం మిల్లులు దాంతోనే వడ్లు ఉడకబెట్టుకుంటాయి. పలాసలో జీడి తొక్క కూడా అంతే. అయితే తొక్కని పచ్చిగా పొయ్యిలో వెయ్యకూడదు. అందులో నాలుగో వంతు దాకా జీడి నూనె ఉంటుంది, ఆ పొగ కళ్ళు మండిస్తుంది, బాయిలర్ గొట్టాల్ని తినేస్తుంది. గానుగలో నూనె తీసేసి, మిగిలిన పిప్పిని కాల్చాలి. ఆ నూనెని రంగుల కంపెనీలు కొంటాయి.

ఇళ్ళ స్థాయిలో మాత్రం గోబర్ గ్యాస్‌ని మించింది లేదు. ఆవు అన్నం తినదు. గడ్డి తింటుంది, పేడ వేస్తుంది, పేడలోంచి గ్యాసు, గ్యాసు పోయాక గెత్తం, అంటే పశువుల ఎరువు. మన ఊళ్ళలో ఆగిపోయి, పూల మొక్కలు పెట్టుకునే గోలెంగా మారిపోయిన ప్లాంట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎందుకంటే వాటిలో చాలా వాటికి వచ్చిన జబ్బు రెండు మూడొందల రూపాయలతో పోయేది.

ఆగిపోయిన డ్రమ్ము ప్లాంటు, అంటే పేడ గుంట మీద గ్యాసు పట్టే డ్రమ్ము బోర్లించి ఉన్న రకం, దగ్గరికి వెళ్ళి నిలబడండి. లోపల గ్యాసు నిండితే ఆ డ్రమ్ము పైకి లేస్తుంది. మొదట చూడాల్సింది డ్రమ్ము పైకి లేచి ఉందా, కిందకి దిగి ఉందా అని. లేచి ఉండి కూడా పొయ్యి వెలగలేదంటే గ్యాసు ఉంది, దారి మూసుకుపోయింది. పశువుల శాల నుంచి వంటింటి దాకా పైపు వెంట నడవండి. ఎక్కడో ఒకచోట, తీగకి కట్టిన తాడు తెగి, పైపు ఉయ్యాలలా కిందకి జారి ఉంటుంది. ఆ వంపులో నీళ్ళు. గుంటలోంచి వచ్చే గ్యాసు నిండా చెమ్మ ఉంటుంది, రాత్రి చల్లబడ్డాక అది పైపులో నీరై దిగుతుంది. డ్రమ్ము బరువు ఇచ్చే ఒత్తిడి ఎనిమిది, పది సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సరి. వంపులో జానెడు లోతు నీళ్ళు నిలిచినా చాలు, గ్యాసు దాటలేదు. ముందు మంట ఎగిరెగిరి పడుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఇంటివాళ్ళు "పేడలో సత్తువ లేదు" అనుకుని సిలిండరు బుక్ చేస్తారు. మెయిన్ వాల్వు కట్టేసి, ఆ జాయింటు విప్పితే బయటికి వచ్చేది గ్లాసుడు నీళ్ళు. పైపుని ప్లాంటు వైపుకో, వంటిల్లు వైపుకో వాలుగా బిగించి, అన్నిటికంటే పల్లపు చోట ఒక టీ (T) ఆకారపు పైపు ముక్కా, చిన్న వాల్వూ పెట్టుకోవాలి. వారానికోసారి ఆ వాల్వు తిప్పి నీళ్ళు వదిలేస్తే ఈ జబ్బు మళ్ళీ రాదు.

డ్రమ్ము దిగిపోయి ఉంటే వేరే కథ. పైన, వెల్డింగు దగ్గర, వాల్వు చుట్టూ సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే లీకు. అగ్గిపుల్ల గీసి మాత్రం వెతకొద్దు. ఇనప డ్రమ్ము అంచు దగ్గర తుప్పు పడుతుంది, ఏటా వేసవిలో గీకి రంగు వెయ్యాలి. ఫైబర్ డ్రమ్ముకి ఆ బెడద లేదు. లీకు వాతావరణానికీ చేటే. మీథేన్ వందేళ్ళ లెక్కలో 27 రెట్లు వేడెక్కిస్తుంది. కాల్చని గోబర్ గ్యాసు గాల్లోకి వదిలెయ్యడం కంటే ప్లాంటు లేకపోవడమే మేలు. పొయ్యికి అక్కర్లేనంత గ్యాసు ఉంటే నీళ్ళైనా కాచుకోండి.

లీకు లేదంటే మేత చూడాలి, అంటే గుంటకి పెట్టే మేత. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి, అంటే రోజుకి అంత గ్యాసు ఇచ్చేదానికి, రోజుకి 50 కిలోల పచ్చిపేడ కావాలి. పుస్తకంలో ఆవుకి పది కిలోలు, గేదెకి పదిహేను అని రాస్తారు. ఆ లెక్కతో నాలుగైదు పశువులు చాలనుకుని కట్టేస్తారు. మన వైపు ఆవులు చిన్నవి, పైగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేతకి పోతాయి. పగటి పేడ చేలో, చెరువు గట్టు మీద పడిపోతుంది. శాలలో దొరికేది రాత్రి పేడే, ఒక్కో ఆవుకి అయిదారు కిలోలు. అయిదు ఆవులకి పాతిక, ముప్పై కిలోలు దాటదు. అలాంటి ఇంటికి ఒక ఘనపు మీటరు ప్లాంటే సరి. కిలో పేడకి 40 లీటర్ల గ్యాసు, మనిషి వంటకి రోజుకి 250, 300 లీటర్లు. పాతిక కిలోలకి ముగ్గురు నలుగురి వంట గడుస్తుంది. పూర్తిగా నడిచే రెండు ఘనపు మీటర్ల ప్లాంటైతే నెలకి ఒక సిలిండరు పైనే మిగులుతుంది, ఎందుకంటే ఘనపు మీటరు గోబర్ గ్యాసు 430 గ్రాముల వంట గ్యాసుకి సమానం.

కలపడం కూడా ముఖ్యం. పేడకి సమానంగా నీళ్ళు, చేత్తో పిసికి, అట్లపిండిలా జారాలి. పల్చనైతే పేడ అడుగున దిగిపోతుంది, గట్టిగా ఉంటే పైన తెట్టు కడుతుంది. గడ్డి పరకలు ఏరెయ్యాలి, తెట్టుకి మూలం అవే. శాల కడిగిన ఫినాయిల్ నీళ్ళు, బట్టలుతికిన సబ్బు నీళ్ళు, యాంటీబయాటిక్ సూది వేసిన పశువు పేడ అందులో పడకూడదు. గ్యాసు తయారుచేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు, విషానికి అవి చస్తే మళ్ళీ పుంజుకోవడానికి వారాలు పడుతుంది. వేసవిలో నీళ్ళకి ఇబ్బందైతే కొంత వరకు పశువుల మూత్రం కలపొచ్చు.

పొయ్యి గురించి ఒక్క మాట. సిలిండరు పొయ్యిని దీనికి తగిలిస్తే పనికిరాదు. వంట గ్యాసు ఒక పాలు కాలడానికి పాతిక, ముప్పై పాళ్ళ గాలి కావాలి, గోబర్ గ్యాసుకి ఆరు పాళ్ళు చాలు. అందుకే గ్యాసు వచ్చే కన్నం పెద్దదిగా, గాలి దారి చిన్నదిగా ఉన్న ప్రత్యేక పొయ్యి తీసుకోవాలి. మంట నీలంగా, గిన్నె మసి బారకుండా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

గ్యాసు పోయాక బయటికి వచ్చే పేడ జావని, అంటే స్లర్రీని, ఎండబెట్టి గుట్టలు పోస్తారు కొందరు, అది నష్టం. ఎండకి అందులో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. తడిగా ఉండగానే పంట కాలవలో నీళ్ళతో కలిపి మడిలోకి వదలాలి, లేదా ఆకులూ చెత్తా వేసిన గెత్తం గోతిలో పొయ్యాలి. రోజుకి వంద కిలోల దాకా వస్తుంది. ఇంతకుముందు చెప్పిన యూరియా బస్తాల్లో కొంత ఇక్కడే తగ్గుతుంది. తిండి, ఇంధనం, వాతావరణం మూడూ ఒకచోట కలిసేది ఈ కాలవ దగ్గరే.

గుంట బాగుచెయ్యడానికి లోపలికి ఎవరూ దిగొద్దు. ఖాళీ చేసిన గుంటలో కూడా విషవాయువు ఉంటుంది, ఊపిరాడే గాలి ఉండదు. ఒకరు పడిపోతే తియ్యడానికి దిగిన రెండోవాడూ పోతాడు. డ్రమ్ము ఎత్తేసి రోజుల తరబడి గాలి తగలనివ్వాలి. ఆ తర్వాతైనా, ఈ పని తెలిసినవాళ్ళనే పిలవండి.

మళ్ళీ మొదలుపెట్టాలంటే ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో మొదలుపెట్టండి. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు గుంట నింపడానికి రెండు టన్నుల పేడ కావాలి, ఇరుగుపొరుగు శాలల్లో అడిగి పోగుచెయ్యాలి. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు డ్రమ్ముల స్లర్రీ తెచ్చి తోడుగా పోస్తే పెరుగు తోడుపెట్టినట్టే త్వరగా అందుకుంటుంది. మొదట వచ్చే గ్యాసు వెలగదు, అందులో కార్బన్ డయాక్సైడే ఎక్కువ. దాన్ని ఒకటి రెండుసార్లు వదిలేసి, పొయ్యి దగ్గర మాత్రమే వెలిగించి చూడండి. డిసెంబరులో నింపితే, అందులోనూ సీతంపేట కొండల్లాంటి చోట్ల, చలికి పని మందగించి సంక్రాంతి దాటినా గ్యాసు రాదు.