ఇంట్లో బీరు తయారీ: పాలు తోడు పెట్టడం తెలిసినవారికి సగం పని తెలిసినట్టే

ప్రశ్న అడిగినవారు ఈ మధ్యనే అమెరికాకు వచ్చి అపార్టుమెంటులో ఉంటున్నామని చెబుతూ, ఇంట్లో బీరు తయారు చేయడాన్ని అభిరుచిగా పెట్టుకోవచ్చా, డబ్బు ఆదా అవుతుందా, కొన్నదానికన్నా రుచిగా వస్తుందా అని అడిగారు. సియాటిల్ శివారులో ఉంటూ నేను 12 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. డబ్బు ఆదా అయ్యే మాట మాత్రం లేదని ముందే చెప్పడం మంచిది. సామానుకు నేను మొదట పెట్టింది 150 డాలర్లే అయినా, ఆ తరువాత పెద్ద గిన్నె, మరిగించిన ద్రవాన్ని చల్లార్చే రాగి గొట్టపు చుట్ట, పాత ఫ్రిజ్, కెగ్గులనే బీరు పీపాలు అంటూ గరాజులో సగం నిండిపోయింది; ఆ లెక్క మా ఇంట్లో నేను ఇప్పటికీ పూర్తిగా అప్పజెప్పలేదు. రుచి సంగతికి వస్తే, మొదటి ఏడాది చేసిన వాటిలో సగం కొన్న బీరుకన్నా నాసిగా ఉన్నాయి. మూడో ఏడాది నుంచి, ముఖ్యంగా తాజాగా తాగవలసిన రకాల్లో, దుకాణంలో దొరికేదానికి తీసిపోకుండా వస్తున్నాయి.

చట్టం సంగతి తెలుసుకుని దిగడం మేలు. 1933లో మద్యనిషేధం ఎత్తివేసిన తరువాత అమెరికాలో ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది గాని బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మడం మాత్రం కుదరదు. రాష్ట్రాలకు తమ నిబంధనలు తమకున్నాయి కాబట్టి అలబామా, మిసిసిపీలలో 2013 దాకా అనుమతి రాలేదు. ఈ వెసులుబాటు పులియబెట్టిన బీరుకే గాని బట్టీ పెట్టి సారా దించడానికి కాదు. మన తెలుగు రాష్ట్రాల్లోనైతే 1968 నాటి ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా ఏ మద్యం తయారు చేసినా నేరమే. కాబట్టి ఈ జవాబు చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరూ బకెట్లు కొనవద్దు. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాక తెరుచుకున్న, అక్కడికక్కడే బీరు చేసి అమ్మే మైక్రోబ్రూవరీల్లో తాజా బీరు రుచి ఎలా ఉంటుందో చూడవచ్చు.

నా అభిప్రాయంలో తెలుగు ఇంట్లో పెరిగినవారికి ఇది బొత్తిగా కొత్త విద్య కాదు. పిల్లలకు రాగిమాల్ట్ చేసేటప్పుడు రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తారు. మొలకెత్తే గింజ తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. అందుకే ఆ పిండితో కాచిన జావ మామూలు రాగిజావంత చిక్కబడదు, కాస్త తియ్యగానూ ఉంటుంది. బీరుకు బార్లీతో చేసేదీ అదే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా పగలగొట్టి, 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీళ్లలో గంటసేపు ఉంచి వడగడితే తియ్యటి కషాయం వంటిది వస్తుంది, దాన్ని వోర్ట్ అంటారు. హార్లిక్స్ సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసనే ఇల్లంతా నిండుతుంది, ఎందుకంటే అదీ బార్లీ మాల్టే. ఇక్కడ రెండు మూడు డిగ్రీల తేడా కూడా లెక్కకు వస్తుంది. 64 దగ్గర ఉంచితే ఈస్టు (చక్కెరను తిని ఆల్కహాలుగా మార్చే సూక్ష్మజీవి) తినగలిగే చక్కెరలు ఎక్కువై, తయారైన బీరులో తీపి మిగలక పలచగా ఉంటుంది. 69 దగ్గర ఉంచితే ఈస్టుకు అరగనివి మిగిలి నోటికి నిండుగా తగులుతుంది.

ఆ వోర్టును గంటసేపు మరిగిస్తూ హాప్స్ అనే తీగమొక్క పూలు వేస్తాం. మొదట్లో వేసినవి మరిగి మరిగి చేదునిస్తాయి, దించబోయే ముందు వేసినవి వాసననిస్తాయి. పులుసులో మెంతులు ఎప్పుడు పడాలి, కొత్తిమీర ఎప్పుడు పడాలి అన్న లెక్క వంటిదే ఇదీ. ఆ తరువాత త్వరగా చల్లార్చి, 18 నుంచి 20 డిగ్రీలకు తెచ్చి ఈస్టు కలపాలి. 19 లీటర్లకు 11 గ్రాముల పొడి ఈస్టు పొట్లం ఒకటి సరిపోతుంది. పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేస్తే ఏమవుతుందో తెలిసినవారికి ఈ మెట్టు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఒక్కచోట మాత్రం మన అలవాట్లు బీరుకు అడ్డం వస్తాయి, నేను దెబ్బతిన్నదీ అక్కడే. మాది నల్లగొండ జిల్లా. మా ఊళ్లో పొద్దున్నే దింపిన కల్లు తియ్యగా ఉండేది, మధ్యాహ్నానికి పులుపెక్కేది. అందులో ఎవరూ ఈస్టు కలపరు. లొట్టిలో నిన్నటి మడ్డి, గాలిలోని ఈస్టు, బాక్టీరియా అన్నీ కలిసి ఆ పని చేస్తాయి. పులియని నీరా కావాలనుకుంటే లొట్టి లోపల సున్నం పూసి వాటిని ఆపుతారు. ఇడ్లీపిండి కూడా అంతే, మినప్పప్పుతో పాటే వచ్చిన సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి దాన్ని పొంగిస్తాయి. బీరు అలా కాదు. వోర్టు చక్కెర నీళ్ల వంటిది కాబట్టి ఏ క్రిమికైనా అది విందే. మనం వేసిన ఈస్టు తప్ప ఇంకేదీ అందులో చేరకూడదు. పిలిచినవారు తప్ప మరొకరు గడప తొక్కకూడని పేరంటం అనుకోండి.

ఈ మాట నాకు మొదటి నుంచీ తెలుసు, అయినా నా నాలుగో బీరు పులిసిపోయింది. కారణం నిర్లక్ష్యం అయితే అంత బాధపడేవాణ్ణి కాదు. మూడో బీరు తరువాత ప్లాస్టిక్ బకెట్టు అడుగున అంటిన మడ్డిని వదిలించాలని, స్టీలు పీచుతో చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. ప్లాస్టిక్ మీద కంటికి సరిగా కనబడని గీతలు పడ్డాయి, ఆ గీతల్లో చేరిన బాక్టీరియాను ఏ ద్రావణమూ చేరుకోలేదు. తరువాత ఆ బకెట్టులో చేసిన రెండు విడతలూ ఒకే రకంగా పులిశాయి గనుక తప్పు బకెట్టుదేనని తేలింది, 38 లీటర్లు సింకులో పోశాను. శుభ్రం చేయడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు. ముందు మెత్తటి గుడ్డతో, వాసన లేని పొడితో కడగాలి. ఆ తరువాత మరిగిన వోర్టును తాకబోయే ప్రతి వస్తువునూ, గొట్టాన్నీ, గరిటెనూ, మూతనూ, కత్తెరనూ కూడా, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసే ద్రావణంలో ముంచి తీయాలి. దాని నురగ గిన్నెలో మిగిలినా హాని లేదు, మళ్లీ నీళ్లతో కడగకూడదు. నురగ చూసి భయపడి నేను చాలాకాలం కుళాయి కింద కడిగి, చేసిన పనిని చేజేతులా చెడగొట్టుకున్నాను. ఇప్పుడు స్టీలు పాత్రే వాడుతున్నాను.

శుభ్రత తరువాత అంత ముఖ్యమైనది ఉష్ణోగ్రత. ఒక చలికాలంలో మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇడ్లీపిండి పులియడం లేదని ఓవెనులో దీపం వేసి పెట్టేది. ఒకరోజు పొద్దున చూస్తే పిండి గిన్నె నా బీరు పాత్రకు ఆనించి, రెంటికీ కలిపి దుప్పటి కప్పి ఉంది. "ఇది వెచ్చగా ఉంది కదరా, ఊరికే పోనియ్యడం ఎందుకు" అంది. ఆ ఇడ్లీలు దూదిలా వచ్చాయి. మూత బిగించి ఉంది కాబట్టి బీరుకు ఏమీ కాలేదు గాని, నాకు అంతవరకూ అర్థం కాని ఒక విషయం ఆ రోజు బోధపడింది. పులిసే వోర్టు తానే వేడి పుట్టిస్తుంది, జోరు మీద ఉన్నప్పుడు గది కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆగస్టులో గది 26 డిగ్రీలుంటే లోపల 30 ఉందన్నమాట. ఏల్ అనే, వెచ్చగా పులిసే రకం బీరు ఈస్టుకు 18 నుంచి 21 నప్పుతుంది, లాగర్ అనే, చల్లగా పులిసే రకం ఈస్టుకు 10, 12 ఉండాలి. వేడి ఎక్కువైతే స్పిరిట్ వంటి ఘాటు వస్తుంది. జర్మన్ పద్ధతి గోధుమ బీరు ఈస్టు మాత్రం కొంత వెచ్చదనానికి చక్కెరకేళి అరటిపండు వాసన ఇస్తుంది, ఇంకొంచెం చల్లగా ఉంచితే లవంగం వాసన పైకి వస్తుంది. అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు. రెండూ ఈస్టు చేసినవే. ఈ ఒక్క వింత కోసమే నేను ఏటా వేసవిలో గోధుమ బీరు పెడతాను.

తొందరపాటు గురించి ఒక హెచ్చరిక. ఎయిర్‌లాకులో, అంటే లోపలి గ్యాసును వదులుతూ బయటి గాలిని రానివ్వని బిరడాలో, బుడగలు ఆగాయని నా రెండో బీరును ఆరో రోజున సీసాల్లోకి ఎక్కించాను. చక్కెర ఇంకా మిగిలి ఉంది, దానికి తోడు సీసాలో గ్యాసు కోసం మళ్లీ చక్కెర కలిపాం కదా, వారం తిరిగేసరికి గరాజులో అర్ధరాత్రి సీసాలు ఒక్కొక్కటే పేలాయి. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. బుడగలను నమ్మవద్దు, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరును నమ్మండి. మొదట 1.050 ఉన్న సాంద్రత 1.010 దగ్గరకు దిగి, రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే పని అయినట్టు. ఆ రెండు అంకెల తేడాను 131 తో గుణిస్తే ఆల్కహాలు శాతం సుమారుగా తెలుస్తుంది, ఇక్కడ అది 5.2.

బీరు తాగడం ఎలా నేర్చుకున్నానన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే అనుకుంటాను. హైదరాబాదులో ఉన్న రోజుల్లో మేం బీరు గురించి అడిగేవి రెండే ప్రశ్నలు: చల్లగా ఉందా, స్ట్రాంగా. నాలుక మొద్దుబారేంత చల్లగా తాగితే ఏ బీరైనా ఒక్కటే. ఇక్కడ మొదటిసారి గాజు గ్లాసులో పోసి, ఫ్రిజ్ లోంచి తీసి పది నిమిషాలు ఉంచిన పోర్టర్ అనే నల్లటి బీరు రుచి చూసినప్పుడు, మాడ్చిన మాల్టు నుంచి కాఫీ గింజల వాసన రావడం నాకు నమ్మశక్యం కాలేదు. హాప్స్ ఎక్కువ వేసే ఐపీఏ రకం కొనేటప్పుడు డబ్బా అడుగున తేదీ చూడాలి, రెండు మూడు నెలలు దాటితే ఆ వాసన పోతుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోని బీరుకు వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు వంటిది పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా వాడేది అందుకే.

నేనుండే వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ అమెరికాలో హాప్స్ పంటకు కేంద్రం, ఇక్కడి నుంచి కొండలు దాటి రెండున్నర గంటల ప్రయాణం. సెప్టెంబరులో వెళ్తే 18 అడుగుల ఎత్తున తాళ్లకు అల్లుకున్న తీగలు మన తమలపాకు తోటలను గుర్తుచేస్తాయి. పువ్వును అరచేతుల మధ్య నలిపితే పసుపు పొడి జిగురుగా అంటుకుంటుంది, దాన్ని లూపులిన్ అంటారు, చేదూ వాసనా అందులోనే ఉన్నాయి. 1972లో ఓరెగన్‌లో అభివృద్ధి చేసి విడుదల చేసిన కాస్కేడ్ రకాన్ని నలిపితే అచ్చంగా పంపరపనస తొక్క వాసనే. కాలిఫోర్నియాలోని చికో అనే ఊళ్లో ఇంటి బీరు సామాను దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, 1980లో సియెరా నెవాడా అనే సంస్థ పెట్టి ఈ కాస్కేడ్ తోనే తన పేల్ ఏల్ చేశాడు. అమెరికాలో చిన్న సంస్థలు చేసే క్రాఫ్ట్ బీరుకు ఆ వాసన ఒక గుర్తుగా మిగిలింది. దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది కాబట్టి, మీరు చేయబోయేదాన్ని దాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఇక మీ అపార్టుమెంటు సంగతి. 19 లీటర్ల జోలికి పోవద్దు. వంటింటి స్టవ్వు అంత నీటిని సరిగ్గా మరిగించలేదు, పైగా ప్రతిసారీ 50 సీసాలు తాగడమూ మంచిది కాదు. ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు చేయండి. పేల్ మాల్ట్ అనే లేతరంగు బార్లీ మాల్టు ఒక కిలో పగలగొట్టించి తెచ్చి, గుడ్డ సంచిలో వేసి, 6 లీటర్ల నీటిని 71 డిగ్రీలకు వేడి చేసి అందులో ముంచితే 66 దగ్గర నిలుస్తుంది. గంట తరువాత సంచి ఎత్తి, నీరు కారనిచ్చి, మరిగేటప్పుడు 5 గ్రాముల కాస్కేడ్, దించే ముందు 10 గ్రాములు వేయండి. పొంగు వచ్చే రెండు నిమిషాలు పక్కనే ఉండండి, పాలకన్నా జిగటగా పొంగి స్టవ్వును పాడు చేస్తుంది. గిన్నెను సింకులో ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చి, సగం పొట్లం ఈస్టు వేసి, గదుల్లో అన్నిటికన్నా చల్లగా ఉండే అలమారలో రెండు వారాలు ఉంచండి. సీసాల్లోకి ఎక్కించేటప్పుడు లీటరుకు 7 గ్రాముల చక్కెర కలపండి. అప్పుడు గాలి తగిలేలా చిలకరించవద్దు, తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. మరో రెండు వారాలకు తొమ్మిదో పదో సీసాలు చేతికి వస్తాయి. మొదటి సీసాను వారానికే తెరిచి చూస్తారు, నేనూ అదే చేశాను. గ్యాసు సరిగా ఉండదు, తీపిగా ఉంటుంది. మిగిలినవాటి మీద తేదీ రాసి వెనక్కి పెట్టండి.